ఒక్కో పెల్లెట్‌నీ బంగారం కాటాలో తూచాను, అయినా గ్రూపు కుదరట్లేదు

చెరువుగట్టు (ఉండి, పశ్చిమ గోదావరి)

అందరికీ నమస్కారమండి. నేను షూటర్ని కాదు, షూటర్ తండ్రిని. ఉండి దగ్గర పల్లెలో రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. 2024 జులైలో పారిస్‌లో మను భాకర్‌కి పతకం వచ్చిన రోజు టీవీ ముందు కూర్చున్న పిల్ల, వారం తిరక్కుండా "నాన్నా, నేనూ నేర్చుకుంటా" అంది. పిస్టల్ అడుగుతుందనుకుంటే రైఫిల్ అంది. ఎందుకే అంటే, "పిస్టల్ ఒంటిచేత్తో పట్టుకోవాలి, నాకు చెయ్యి వణుకుతుంది" అంది. సరే అని పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒకటి, జర్మనీది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఎంతకి కొన్నామో రాయను, మా ఆవిడ కూడా ఇక్కడికి వచ్చి చదువుతుంది.

మా రేంజి అంటే మేత గోడౌనే. తలుపు నుంచి వెనక గోడకి పదకొండున్నర మీటర్లు ఉంది. బస్తాలన్నీ ఒక పక్కకి జరిపి, టేపుతో పది మీటర్లు కొలిచి సున్నంతో గీత గీశాను. రైఫిల్ కింద ఉండే గాలి సిలిండర్‌లోకి చేతి పంపుతో 200 బార్ గాలి ఎక్కించడం నా డ్యూటీ. దాంతో నాకు జిమ్ ఫీజు మిగిలింది.

పోయిన సంక్రాంతికి పిల్ల అరవై షాట్లకి 618, 619 కొట్టేది. షాటుకి 10.9 చొప్పున గరిష్ఠం 654 కదా, పల్లెటూరి గోడౌన్లో ఇంత అంటే నాకు గొప్పే. ఊరంతా బరుల దగ్గర ఉంటే మేమిద్దరం గోడౌన్లో ఉన్నాం ఆ మూడు రోజులూ. వానలు మొదలయ్యాక స్కోరు దిగడం మొదలైంది. శ్రావణానికి 614. ఇప్పుడు కార్తీకం వచ్చింది, 611. పిల్ల ఏడుస్తోంది. కోచ్ విజయవాడలో ఉంటారు, వారానికోసారి తీసుకెళ్తాను. ఆయన చూసి "నిలబడే తీరు బాగానే ఉంది, ట్రిగరు బాగానే ఉంది, మీ గుళ్లు, అదే పెల్లెట్లు, ఒకసారి చూసుకోండి" అన్నారు.

మా పెదనాన్న కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడ వాళ్లు తమ తూటాలు తామే కట్టుకుంటారట. ఫోన్ చేస్తే, "తమ్ముడూ, తూకమే ప్రాణం, ఒక్కో రేణువూ తూచాలి" అన్నాడు. ఇంకేముంది, నరసాపురంలో నాకు తెలిసిన ఆచారిగారి దగ్గర మిల్లీగ్రాము వరకు చూపించే కాటా తెచ్చాను. నేను చెప్పింది విని ఆయన నవ్వి, "మా తాత గురివింద గింజలతో తూచేవాడు, ఈ గుండు నాలుగు గింజల పైచిలుకు ఉంటుంది" అన్నారు. నిజమే, పెల్లెట్ 0.53 గ్రాములు, గురివింద గింజ సుమారు 0.12.

ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ, రెండు రాత్రులు కూర్చుని ఒక డబ్బా మొత్తం, అయిదు వందలూ తూచాను. 0.526 నుంచి 0.535 వరకు ఉన్నాయి. హోమియో మందుల ఖాళీ సీసాలు కడిగి ఆరబెట్టి, బరువు ప్రకారం వేసి, చీటీలు అంటించాను. తర్వాత పిల్లని పక్కన పెట్టి రైఫిల్‌ని బల్ల వైసులో బిగించి, సీసాకి అయిదేసి షాట్లు కొట్టాను. ఆ అయిదూ ఎంత దగ్గరగా పడ్డాయో, అంటే గ్రూపు ఎంతో, కన్నం బయటి అంచు నుంచి బయటి అంచుకి వెర్నియర్‌తో కొలిచాను. ఎంత చిన్నదైతే అంత మంచిది. మొదటి రోజు 0.531 సీసా గెలిచింది, 6.2 మిల్లీమీటర్లు. పండగ చేసుకున్నాను. రెండో రోజు అదే సీసా, అదే రైఫిల్, అదే బల్ల: 8.3. అన్నిటికన్నా చెత్త. ఆ రోజు 0.527 గెలిచింది. మూడో రోజు ఇంకోటి. మతి పోయిందండి.

నేను అడిగేదేమిటంటే, ఇంకా సన్నంగా తూచాలా? పెల్లెట్ తల వ్యాసం కొలవడానికి మైక్రోమీటరు కొనాలా? లేక సీసం కరిగించి అచ్చు పోసుకునే మార్గం ఏమైనా ఉందా? పెద్దలు చెప్పాలి.

గోదారి గాలి

ట్రిగర్ లాగేటప్పుడు కుదుపు సార్. పిల్లలకి పరీక్షల టెన్షన్ ఉంటుంది. వారం రెస్ట్ ఇవ్వండి, అదే వస్తుంది.

చెరువుగట్టు

బాబూ, పోస్టు మొత్తం చదివావా? వైసులో బిగించి నేను కొట్టాను. వైసుకి పరీక్షలు లేవు.

పాత గురి (కాకినాడ)

బాబూ, నీ ఓపికకి దణ్ణం. నేను ఎన్‌సీసీ పిల్లలకి .22 రైఫిల్ నేర్పి నేర్పి రిటైరైనవాణ్ణి, తర్వాత పదేళ్లుగా పది మీటర్ల వాళ్లతో తిరుగుతున్నాను. నీ అన్నయ్య చెప్పింది అబద్ధం కాదు. వాళ్ల ఊళ్లో అది నిజం, నీ గోడౌన్లో కాదు. ఎందుకో లెక్క కట్టి చెప్తాను, కాగితం పెన్ను తీసుకో.

మన పెల్లెట్ సెకనుకి సుమారు 170 మీటర్లు పోతుంది. పది మీటర్ల దూరం దాటడానికి 0.06 సెకను. ఆ వ్యవధిలో భూమి దాన్ని కిందికి లాగేది సుమారు 17 మిల్లీమీటర్లు. గురి చూసే సైటు సరిచేసేది దీన్ని కలుపుకునే కాబట్టి 17తో మనకి బాధ లేదు, అందులో వచ్చే తేడాతోనే బాధ. పెల్లెట్ ఒక శాతం బరువెక్కితే అదే గాలికి దాని వేగం అర శాతం తగ్గుతుంది. వేగం అర శాతం తగ్గితే జారుడు ఒక శాతం పెరుగుతుంది. 17లో ఒక శాతం అంటే 0.17 మిల్లీమీటరు.

నీ డబ్బాలో అతి తేలికదానికీ అతి బరువుదానికీ తేడా 1.7 శాతం. అంటే ఆ రెండూ ఒకే గురితో కొట్టినా ఒకటి ఇంకోదానికన్నా 0.3 మిల్లీమీటరు కిందికి పడుతుంది. స్కోరులో ఒక పాయింటులో పదో వంతుకి 0.25 మిల్లీమీటరు. రెండు రాత్రుల చెమటకి నీకు రాగలిగిన గరిష్ఠ లాభం ఒక్కో షాటుకి 0.1, అదీ అన్నీ రెండు కొసల పెల్లెట్లే అయితే. నీ గ్రూపు 8.3. అందులోంచి పెల్లెట్ వెడల్పు 4.5 తీసేయి, మధ్య నుంచి మధ్యకి 3.8 మిల్లీమీటర్లు మిగిలింది. 0.3 దోషం 3.8ని ఎక్కడ పుట్టిస్తుంది? దొంగ ఇంకెక్కడో ఉన్నాడు.

ఇక సీసాలు రోజుకొకటి గెలవడం. ఇది అందరూ పడే గుంటే, నేనూ పడ్డాను. అయిదు షాట్ల గ్రూపు చాలా అబద్ధాలకోరు. ఒకే రైఫిల్‌తో, ఒకే డబ్బాలోంచి అయిదేసి కొడుతూ పో, ఒకటి 1.7 వస్తుంది, ఒకటి 3.8 వస్తుంది. ఏదీ మారకుండానే. మూడేసి కొడితే సగటున 2.4 వచ్చే చోట, అయిదేసి కొడితే 3.1, పదేసి కొడితే 3.8 వస్తుంది. షాట్లు పెరిగేకొద్దీ గ్రూపు పెరగడం సహజం, పెల్లెట్ చెడిందని కాదు. అందుకని పదేసి షాట్లు, ఒక్కో రకానికి కనీసం అయిదు గ్రూపులు, ఆ అయిదిటి సగటు. అంతకన్నా తక్కువతో ఏ నిర్ణయానికీ రావద్దు. "మంచి గ్రూపు" ఫొటో తీసి దాచుకోవడం మానెయ్. చెత్త గ్రూపు కూడా లెక్కలో వేస్తేనే లెక్క.

ఇప్పుడు నేను అడిగేవి. వైసు దవడలకి ఏం పెట్టావు? బ్యారెల్ పట్టావా, వెనక బాడీ పట్టావా? పెల్లెట్లు ఎక్కడ ఉంచుతున్నావు? ఒక పెల్లెట్ తీసి వెలుతురులో చూడు, నల్లగా మెరుస్తోందా, తెల్లబడిందా?

అచ్చు పోసుకోవడం మాట మరిచిపో. మ్యాచ్ పెల్లెట్ తల వ్యాసంలో 0.01 మిల్లీమీటరుకి ఒక సైజు, 4.49, 4.50, 4.51 అని అమ్ముతారు. ఇంట్లో గరిటెతో పోసే సీసం ఆ లెక్కకి రాదు. పైగా పొగ. ఇంట్లో పిల్లలున్నారు.

చెరువుగట్టు

మాస్టారూ, లెక్క చూసి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మా ఆవిడకి చూపించాను, ఆవిడ నవ్వు మాత్రమే నవ్వింది.

వైసు దవడలకి పాత ట్రాక్టర్ ట్యూబు ముక్కలు పెట్టాను, గీతలు పడకూడదని. బ్యారెల్ పట్టాను. పెల్లెట్లు గోడౌన్లోనే, చెక్క అలమరలో, టార్గెట్ల పక్కన. వెలుతురులో చూశాను. అడుగున ఉన్నవి బాగానే ఉన్నాయి, పైవరసలో చాలా వాటి మీద సన్నగా తెల్లటి పొడి ఉంది. మైనం పూత అనుకున్నాను.

పాత గురి (కాకినాడ)

తెల్ల పొడి చేత్తో తుడవకు. అది సీసం తుప్పు, విషం. చేతులు సబ్బుతో కడుక్కో, పిల్లనీ కడుక్కోమను, కొట్టాక కడుక్కోకుండా అన్నం దగ్గర కూర్చోవద్దు.

గోడౌన్లో మేత కాకుండా ఇంకేం ఉన్నాయి?

చెరువుగట్టు

సున్నం, జియోలైటు, మినరల్ మిక్చరు, బ్లీచింగ్.

రాసేటప్పుడే అర్థమైంది మాస్టారూ. వేసవిలో కొత్త పంటకి నీళ్లు శుద్ధి చెయ్యడానికి తెచ్చిన బ్లీచింగ్ బస్తాలు ఆరు మిగిలాయి. అలమర పక్కనే. అందులో ఒకటి మూతి విప్పి ఉంది. వానాకాలంలో తలుపు తియ్యగానే ముక్కు ఘాటెక్కుతుంది, అలవాటైపోయి పట్టించుకోలేదు. తలుపు గొళ్లెం రెండు నెలల్లో తుప్పు పట్టింది, అదీ పట్టించుకోలేదు. నన్ను కొట్టండి.

పాత గురి (కాకినాడ)

కొట్టడమెందుకు, కాకినాడలో మా ఇంట్లో తాళం కప్పలే ఏడాదికి రెండు మారుస్తాం. తేమకి బ్లీచింగ్ తోడైతే క్లోరిన్ వదుల్తూనే ఉంటుంది, అది సీసాన్నీ తింటుంది, ఇనుమునీ తింటుంది. పెల్లెట్ అంచు మీద పొడి అంటితే బ్యారెల్ లోపల పెల్లెట్‌ని తిప్పే మెలికల గాళ్లలో అది ఒక్కోసారి ఒక్కోలా కూర్చుంటుంది. పెల్లెట్లు మార్చెయ్. కానీ నాకు పెల్లెట్లకన్నా బ్యారెల్ మీద భయం ఎక్కువగా ఉంది. బ్యారెల్ శుభ్రం చేసే ఫెల్టు ముక్కలు లోపలికి తోసి ఏ రంగులో వస్తాయో చెప్పు. బ్యారెల్ కొస, పెల్లెట్ బయటికి వచ్చే ఆఖరి అంచు, అక్కడ తుప్పు చుక్క ఒక్కటి ఉన్నా గాలి ఒక పక్క నుంచి ముందు జారి పెల్లెట్ తోకని తోస్తుంది. దాన్ని నువ్వు ఇసక కాగితంతో రుద్దకు. తెలిసిన రిపేరు మనిషికి చూపించు.

ఇంకోటి. ట్యూబు రబ్బరు తీసెయ్, అది ప్రతి షాటుకీ కొంచెం కదిలి మళ్లీ కొంచెం తక్కువగా వెనక్కి వస్తుంది. నువ్వు కొలిచింది రైఫిల్‌ని కాదు, ట్రాక్టర్ ట్యూబుని. టేకు చెక్క ముక్కలు చెక్కించి పెట్టు, బ్యారెల్ వదిలేసి వెనక బాడీ పట్టు. సిలిండర్‌ని మాత్రం వైసు దవడ తాకకూడదు, లోపల 200 బార్ ఉంది.

చేతి పంపుతో ఎక్కిస్తున్నానన్నావు. మన డెల్టా గాలిలో నీళ్లు ఎక్కువ. గాలిని అంత నొక్కితే ఆ నీళ్లు లోపలే దిగుతాయి. పంపుకి తేమ పట్టే ఫిల్టరు ఉందా చూడు, అరవై డెబ్బై తోపులకి ఆగి, పంపు చల్లారాక, కింద మరలో నీళ్లు వదిలి మళ్లీ మొదలుపెట్టు.

ఇత్తడి తొడుగు (హ్యూస్టన్)

ఈ చర్చ మా బావమరిది పంపాడు. మాది రాజోలు, పదిహేనేళ్లుగా టెక్సాస్. చెరువుగట్టు గారి అన్నయ్యని నేను కాదు, కానీ ఆయన పక్షాన రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఆయన పాడే పాటే నేనూ పాడతాను.

నేను .308 రైఫిల్‌తో 600 గజాల దగ్గర పేపర్ కొడతాను. తూటాలు ఇంట్లోనే కడతాను, ఇక్కడ దానికి అడ్డు లేదు. ఇత్తడి కేసు (పోలీసు కేసు కాదు), అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల తుపాకి మందు, మూతి దగ్గర బుల్లెట్. మందు తూకం తేడా వస్తే వేగం మారుతుంది. 600 గజాల దగ్గర సెకనుకి పది అడుగుల వేగం తేడా వస్తే బుల్లెట్ సుమారు అంగుళం పైకో కిందికో పోతుంది. అంగుళం అంటే 25 మిల్లీమీటర్లు. అందుకే మేం మందుని గ్రెయిన్‌లో పదో వంతు వరకు తూస్తాం. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు, ఆచారిగారి గురివింద గింజలో సగం. దూరం పెరిగేకొద్దీ వేగం తేడా రాక్షసుడవుతుంది. పది మీటర్ల దగ్గర అది దోమ. ఇదే మాస్టారు లెక్క కట్టి చూపించారు.

కానీ మీ సీసాల కథ చదువుతుంటే నాకు నా మొదటి ఏడాది కళ్లముందు కదిలింది. మాన్యువల్‌లో రాసిన కనిష్ఠం నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుకుంటూ ఏడు రకాల తూకాలు కట్టాను. ఒక్కోటి మూడేసి షాట్లు. నాలుగో రకం మూడూ ఒకే కన్నంలో! మిత్రులందరికీ ఫొటో పంపాను. ఆ ఒక్క తూకంలో రెండు వందల తూటాలు కట్టి మ్యాచ్‌కి వెళ్తే, మామూలుగా ఎంత కొడతానో అంతే కొట్టాను. ఇంటికొచ్చి కడుపు మండి, ఏడు రకాలూ పదేసి చొప్పున మళ్లీ కొట్టాను. అయిదు రకాల మధ్య ఏ తేడా లేదు. ఆ మూడు షాట్ల కన్నం ఉత్త అదృష్టం.

నాకు నిజంగా లాభం ఇచ్చినవి వేరే. కాల్చిన కేసుని మళ్లీ వాడేముందు దాని భుజాన్ని (మెడ కింద వాలుగా ఉండే చోటుని) అంగుళంలో వెయ్యింటికి రెండు వంతులు మాత్రమే వెనక్కి నొక్కడం, ప్రతిదీ అంతే నొక్కడం. కేసు మెడ బుల్లెట్‌ని ప్రతిసారీ ఒకే బిగువుతో పట్టుకోవడం. బుల్లెట్ కూర్చునే లోతు ఒకేలా ఉండటం. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) ఇత్తడి. ఒక్క ముక్కలో, మా పనిలో తూకం కన్నా ఒకేలా ఉండటం గొప్ప.

ఇంకో తప్పు చేశాను, అది ప్రమాదం కూడా. శీతాకాలంలో బాగున్న తూటాలని ఆగస్టు ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. మందు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. రెండో షాటుకి బోల్టు (తూటా వెనక మూసే గడియ) బిగుసుకుపోయింది. అక్కడితో ఆపేసి, తూటాలన్నీ విప్పేశాను. వేడికి పెద్దగా మారని మందులు దొరుకుతాయి, ఇప్పుడు అవే వాడతాను, అయినా వాటినీ నీడలోనే ఉంచుతాను.

చెరువుగట్టు గారూ, మీ అన్నయ్య మీద కోపం పెట్టుకోకండి. ఆయన తన ఊరి వైద్యం చెప్పాడు.

యానాం కుర్రాడు

అన్నా, మరి ఇక్కడ .22 వాడేవాళ్లు కూడా కాల్చిన తొడుగులు మళ్లీ నింపుకోవచ్చా? దిగుమతి గుండ్లు రేటు మండిపోతోంది.

పాత గురి (కాకినాడ)

వద్దు నాయనా. రెండు కారణాలు. .22లో పేలే రసాయనం తొడుగు అంచు మడతలోనే ఉంటుంది, పిన్ను ఆ అంచునే నలగ్గొడుతుంది. ఒకసారి కాలిస్తే ఆ తొడుగు పని అయిపోయినట్టే, మళ్లీ నింపేందుకు చేసింది కాదు. రెండోది, ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చెయ్యడం నేరం. హ్యూస్టన్ బాబు చెప్పింది హ్యూస్టన్‌లో చెల్లుతుంది. రేటు తగ్గాలంటే క్లబ్బులో నలుగురు కలిసి ఒకే లాట్ ఎక్కువగా తెప్పించుకోండి, లాట్ ఒకటే ఉండటం వల్ల గురికీ మంచిది.

చెరువుగట్టు

నాలుగు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మధ్యలో ఒక చెరువు పట్టుబడి వచ్చింది.

బ్లీచింగ్ అదే రోజు చెరువుల గట్టు మీద షెడ్డులోకి మార్చేశాను. చెక్క అలమర కూడా తీసేశాను. కొత్త పెల్లెట్లు ఇంట్లో, స్టీలు బీరువాలో, బిగుతు మూత డబ్బాలో తేమ పట్టే సిలికా పొట్లాలతో ఉన్నాయి. మా ఆవిడ పట్టు చీరల పక్కన. ఆ ఒప్పందం ఎలా కుదిరిందో అడగొద్దు.

ఫెల్టు ముక్కలు తోస్తే మొదటి మూడు గోధుమ రంగులో వచ్చాయి. విజయవాడలో కోచ్ చెప్పిన రిపేరు మనిషి బ్యారెల్ కొస చూసి, ఒక పక్క ఆవగింజలో నాలుగో వంతు మచ్చ చూపించాడు. గంటలో సరిచేశాడు. లోపల గాళ్లు బాగానే ఉన్నాయన్నాడు, బతికాం. పంపుకి ఫిల్టరు ఉంది కానీ దాన్లో పదార్థం ఎప్పుడో తడిసి ముద్దయింది, మార్చాను.

టేకు దవడలు మా వడ్రంగి చెక్కాడు. వెనక బాడీ పట్టి, మాస్టారు చెప్పినట్టు రకానికి అయిదు గ్రూపులు, గ్రూపుకి పది షాట్లు. బ్యారెల్ శుభ్రం చేశాక, లేదా రకం మార్చినప్పుడు, మొదటి ఇరవై షాట్లు లెక్కలో వెయ్యలేదు. అన్నీ మధ్య నుంచి మధ్యకి మిల్లీమీటర్లలో సగటు రాస్తున్నా. పాత తెల్లబడ్డవి, సీసాల్లో తూచి వేరుచేసినవి: 3.4. అవే, తూచకుండా కలిపేసినవి: 3.5. ఈ రెండు అంకెలూ చూశాక హోమియో సీసాలన్నీ అవతల పారేశాను. అదే కంపెనీ కొత్త డబ్బా, 4.49 తల: 2.3. 4.50 తల: 1.9. ఇంకో కంపెనీ 4.50: 1.6. దాన్లో నుంచి మళ్లీ ఒక వంద తూచి వేరుచేసి కొట్టాను, మనసాగక: 1.6. ఇక తూకం జోలికి పోను, ఆచారిగారి కాటా తిరిగిచ్చేశాను.

మాస్టారి లెక్కే నేను ఇంకోలా వేసుకున్నాను. 3.4 గ్రూపు అంటే మధ్య నుంచి పక్కకి 1.7. పిల్ల గురి వెంట్రుకవాసి తప్పకపోయినా కొన్ని షాట్లు 10.3కి పడతాయి. ఇప్పుడు 1.6 అంటే పక్కకి 0.8, అదే షాటు 10.6. మూడు నెలలు ఆ పిల్లని నేను తిట్టాను. ఆ మాట ఇక్కడ రాయాలనిపించింది.

నిన్న గోడౌన్లో 617 కొట్టింది. ఇంకా 619 రాలేదు, మొన్నటి భయం చెయ్యి వదలడానికి టైం పడుతుంది అంటున్నారు కోచ్.

ఇంకొక్క సందేహం. మంచి ఫలితం ఇచ్చిన డబ్బా లాంటివి ఇంకో పది తెప్పిద్దామని అడిగితే, అమ్మేవాళ్లు అదే కంపెనీ, అదే 4.50 పంపిస్తామంటున్నారు, కానీ లాట్ ఏదైనా ఒకటే అంటున్నారు. నమ్మొచ్చా? పాతవి ఏం చెయ్యాలి, ఒక కిలో పైనే ఉన్నాయి?

పాత గురి (కాకినాడ)

నమ్మకు. ఒకే సైజు రాసి ఉన్నా లాట్ మారితే అచ్చు మారి ఉండొచ్చు. మంచి డబ్బా మీద స్టిక్కరు నంబరు ఫొటో తీసి పంపించి, అదే నంబరువి ఉంటేనే పంపమను. లేకపోతే రెండు మూడు వేరు లాట్లవి ఒక్కో డబ్బా తెప్పించి, నువ్వు ఇప్పుడు చేసినట్టే యాభై యాభై కొట్టి, గెలిచిన లాట్‌లో పది కొను. డబ్బాలకి ముందే డబ్బు కట్టకు.

పాతవి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, లోపల చెయ్యి పెట్టకుండా, పాత బ్యాటరీల సీసం కొనేవాళ్లకి ఇచ్చెయ్. టార్గెట్ వెనక పెట్టెలో పోగైన చితికిన పెల్లెట్లు కూడా అందులోనే. ఇంకెక్కడ వేసినా ఫరవాలేదు గానీ చెరువులో మాత్రం వెయ్యకు అని రాయబోయాను, అసలు ఇంకెక్కడా కూడా వెయ్యకు.

చెరువుగట్టు

సరే మాస్టారూ. స్టిక్కరు ఫొటో పంపాను, రెండు డబ్బాలు అదే నంబరువి ఉన్నాయట, మిగతావి వేరే. ఆ రెండూ తెప్పిస్తున్నాను, వేరే లాట్లవి ఒక్కోటి. వైసు బల్ల మీదే ఉంచాను, తియ్యలేదు.